ఉంగరం తిరగకూడదు, తిరగాలి కూడా

మా మేనకోడలి నిశ్చితార్థపు ఉంగరం మీద “శ్రీ” అని నేనే చెక్కి ఇస్తానన్నాను. 22 క్యారెట్ల బంగారం, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న సాదా పట్టీ. చెక్కడం నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది. రాగి రేకుల మీదా వెండి బిళ్ళల మీదా చేయి కుదిరింది కదా అన్న ధైర్యంతో ఉంగరాన్ని బాల్ వైస్ అనే, బంతి మీద తిరిగే బిగింపు పరికరం దవడల మధ్య తోలు ముక్కలు పెట్టి నిలువుగా బిగించాను. శకారం రెండో వంపు దగ్గర ఉంగరం వెంట్రుకవాసి కదిలింది. ఉలి జారింది. పట్టీకి అడ్డంగా గీత గీసి, అక్కడితో ఆగక నా ఎడమ బొటనవేలిలో దిగింది. వేలు వారానికి మానింది. బంగారం మీద గీత అలా మానదు. ఆకురాయి పట్టాలి, మెరుగు పెట్టాలి, ఆ మేరకు బంగారం తగ్గుతుంది.

మర్నాడు ఆ ఉంగరం తీసుకుని చెన్నైలోని షావుకారుపేట వెళ్ళాను. అక్కడ ఒక మేడ మీద గదిలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్న ఆచారి గారు మా నాన్నకు స్నేహితుడు. నేను పెదనాన్నా అని పిలుస్తాను. ఆయన భూతద్దం పెట్టి గీతను చూశారు.

“చెక్కింది సరేలేరా, పట్టింది దేంతో?”

“బాల్ వైస్‌లో బిగించాను పెదనాన్నా.”

“అది తిప్పేది. పట్టేది వేరే ఉంటుంది.”

ఈ తేడా తెలియకపోవడం వల్ల కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలా డబ్బు పోగొట్టుకుంటారు. టంకశాల వీధి వైపు, తమిళంలో తంగసాలై అనే ఆ మింట్ స్ట్రీట్ చుట్టుపక్కల, పనిముట్ల కొట్లలో “ఉంగరం పట్టుకునేది ఒకటి ఇవ్వండి” అని అడిగి చూడండి. తోలు అతికించిన చెక్క క్లాంపు ఒకటి, సన్నగా మొదలై లావయ్యే ఉక్కు కడ్డీ ఒకటి, సన్న కడ్డీలను కొసన పట్టే, పిడి ఉన్న పిన్ వైస్ ఒకటి, లోపలి నుంచి విచ్చుకునే సెట్టు ఒకటి, వేడి నీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ గింజల ప్యాకెట్ ఒకటి బల్ల మీదకు వస్తాయి. అన్నీ ఉంగరం పట్టుకునేవే. కానీ ఒకటి రాయి పొదగడానికి, ఒకటి సైజు చూడటానికి, ఒకటి చెక్కడానికి పనికొస్తుంది. ఏది ఎందుకో తెలియాలంటే ముందు గుండ్రటి వస్తువు ఉలి కింద ఏం చేస్తుందో చూడాలి.

గుండ్రటి దానితో వచ్చే చిక్కు

దూదిని రెండు అరచేతుల మధ్య పెట్టి వత్తి చేయడం మనందరికీ తెలుసు. చేతులు ఎంత గట్టిగా నొక్కినా వత్తి దొర్లుతూనే ఉంటుంది. చదునైన రెండు దవడల మధ్య పెట్టిన ఉంగరం పరిస్థితి కూడా అంతే. దవడలు దాన్ని రెండు చోట్ల మాత్రమే తాకుతాయి. ఉలితో పట్టీ పొడుగునా నెట్టినప్పుడు ఆ తోపు ఉంగరాన్ని దొర్లించడానికే చూస్తుంది. ఇంకా బిగిస్తే ఆగుతుందిలే అనుకుంటే 22 క్యారెట్ల మెత్తటి బంగారం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే.

రెండో చిక్కు కంటికి ఆనదు. బయటి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న ఉంగరాన్ని తీసుకోండి. దాని శిఖరం మీద ఉలి పెట్టి, ఉంగరాన్ని కదపకుండా పక్కకు ఒక మిల్లీమీటరు జరిగితే ఉపరితలం 0.05 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. రెండు మిల్లీమీటర్లు జరిగితే 0.2. మూడు జరిగితే దాదాపు 0.46. ఉంగరం మీద చెక్కే సన్నని గీత లోతు మిల్లీమీటరులో పదో వంతు, రెండు వంతులు ఉంటుంది. అంటే మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయేసరికి ఉలి కింద బంగారమే ఉండదు. చేయి తెలియకుండానే కోణం మార్చి దాన్ని వెతుక్కుంటుంది. అక్కడ గీత ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా వస్తుంది, లేదా ఉలి జారుతుంది.

వస్తువు సన్నబడేకొద్దీ ఇది ఇంకా కష్టమవుతుంది. తాయెత్తు గొట్టం వ్యాసం 8 మిల్లీమీటర్లు అనుకుంటే, శిఖరం నుంచి రెండు మిల్లీమీటర్లు జరిగేసరికే అర మిల్లీమీటరు పైగా పల్లం.

కాబట్టి చెక్కే చోటు ఎప్పుడూ శిఖరం మీదే ఉండాలి. ఒక గీత సాగుతున్నంతసేపు ఉంగరం రవ్వంత కూడా కదలకూడదు. ఆ గీత అయ్యాక మనం తిప్పినంత మేర తిరిగి మళ్ళీ అక్కడే పాతుకోవాలి. ఉంగరం పట్టే పనిముట్టు నుంచి మనకు కావలసింది ఈ రెండూ.

రెండు రకాల తిరగడం

ఇక్కడే మన లిపి సంగతి వస్తుంది. ఇంగ్లిష్‌లో ఎ, ఎమ్, ఎన్ లాంటి అక్షరాలు నిలువు గీతలూ ఏటవాలు గీతలూ. తెలుగులో తలకట్టు తప్ప దాదాపు అంతా వంపే. సున్న చెక్కాలంటే ఉలి చుట్టూ తిరగాలి, లేదా ఉలి కింద వస్తువు తిరగాలి. చేయి తిరిగిన పనివాళ్ళు రెండో దారే పడతారు. కుడిచేయి ఉలిని ఒకే కోణంలో నిలుపుతుంది, ఎడమచేయి వస్తువును తిప్పుతుంది. పాతకాలంలో రాగిఫలకాలు చెక్కేవాళ్ళు ఇసుక నింపిన తోలుదిండు మీద ఫలకాన్ని పెట్టి తిప్పేవారు. బాల్ వైస్ ఆ దిండుకు ఉక్కు రూపం. బరువైన బంతి, దాని కింద గుండ్రటి పీట, పైన ఒకే మరతో రెండు వైపుల నుంచీ సమంగా దగ్గరకు వచ్చే దవడలు. ఎటు కావాలంటే అటు వంగుతుంది, సున్న చుట్టూ ఒక్క ఊపులో తిరుగుతుంది.

కానీ బాల్ వైస్ తిరిగేది నిలువు ఇరుసు మీద. ఉంగరాన్ని శిఖరం మీద నిలపాలంటే అది తన సొంత ఇరుసు మీద, అంటే వేలు దూరే దారి మీద, దొర్లాలి. ఆ పని బంతి వల్ల కాదు. బంతిని పక్కకు వంచి కొంత వరకు నెట్టుకురావచ్చు, ఉంగరం చుట్టూ పోలేం. పెదనాన్న అన్న మాట అర్థం ఇదే. అక్షరపు వంపు తిప్పడానికి బాల్ వైస్. ఉంగరాన్ని పట్టుకోవడానికీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య దొర్లించడానికీ దాని పైన ఇంకొక పనిముట్టు.

పైన చెప్పిన లెక్కల్లో మనకు ఒక ఊరట కూడా ఉంది. రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న అక్షరంలో మధ్య నుంచి అంచుకు దూరం ఒక మిల్లీమీటరే, పల్లం 0.05. అది చేయి సర్దుకోగలదు. అందుకని అక్షరం మధ్యలో ఉంగరాన్ని దొర్లించనక్కరలేదు. ఒక అక్షరం మొత్తం బంతిని తిప్పుతూ చెక్కి, తర్వాత ఉంగరాన్ని దొర్లించి పక్క అక్షరానికి పోతే చాలు. 20 మిల్లీమీటర్ల ఉంగరం చుట్టుకొలత 62.8 మిల్లీమీటర్లు. 15 డిగ్రీలు దొర్లిస్తే ఉపరితలం 2.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. పట్టే పనిముట్టు అంచున 24 గీతలు సమంగా పెట్టుకుంటే ఒక్కో గీతకు ఒక్కో అక్షరం చొప్పున వరుస తప్పకుండా పోవచ్చు. నేను అలాగే చేస్తున్నాను.

ఇంకొకటి. చెక్కే చోటు బంతి ఇరుసుకు సూటిగా పైన ఉండాలి. స్టీరియో మైక్రోస్కోపులో పది రెట్లు పెద్దది చేసి చూస్తే కనిపించే మేర సుమారు రెండు సెంటీమీటర్లు, అంటే ఒక ఉంగరమంత. ఉంగరం ఇరుసు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు ఉంటే, బంతి తిప్పగానే అది గడియారం ముల్లులా చూపు దాటిపోతుంది. చాలామంది ఇది మైక్రోస్కోపు లోపం అనుకుంటారు. అది హోల్డర్ పెట్టిన చోటు లోపం.

బయట నుంచి, లోపల నుంచి, అంటించి

చెక్క క్లాంపుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరి దగ్గరా మొదట ఉండేది అదే. రెండు చెక్క దబ్బలు, మధ్యలో ఇరుసు, కొసలకు తోలు. ఒక కొసలో మేకు లాంటి చెక్క ముక్క దూర్చి తడితే రెండో కొస మూసుకుంటుంది. చేతిలో ఇముడుతుంది, వస్తువుకు దెబ్బ తగలదు. రాళ్ళు పొదిగేవాళ్ళకు ఇది ఎంతో మేలు. పట్టీ తోలు మధ్యకు పోతుంది, ఉంగరం తల పైకి ఉంటుంది. అయితే చెక్కేవాళ్ళకు అందేది ఆ పైకి ఉన్న భాగమే. ముద్ర ఉంగరం తల మీద ఒక అక్షరం పెట్టాలంటే ఈ క్లాంపును బాల్ వైస్‌లో బిగించి పని కానివ్వవచ్చు. పట్టీ చుట్టూ పేరు రాయాలంటే ప్రతి రెండక్షరాలకూ విప్పి, తిప్పి, మళ్ళీ మేకు కొట్టాలి. ప్రతిసారీ వరుస కొంచెం మారుతుంది.

సన్నగా మొదలై లావయ్యే కడ్డీ చూడటానికి చాలా సరైనదిగా అనిపిస్తుంది. ఉంగరం దూర్చి కిందికి తోస్తే బిగుసుకుంటుంది కదా. కానీ ఏటవాలు కడ్డీ మీద ఉంగరం లోపలి అంచుల్లో ఒకటి మాత్రమే బిగుస్తుంది, రెండోది గాలిలో ఉంటుంది. అటు వైపు ఉలి నొక్కితే ఉంగరం ఊగుతుంది. పైగా కడ్డీ సన్నగా ఉన్న వైపుకు ఉలి తోస్తే ఉంగరం వదులై ఊడి వస్తుంది. తెలుగు అక్షరంలో ఉలి అన్ని దిక్కులకూ పోతుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అటు పోక తప్పదు. అది సైజు చూడటానికీ, వంకర సరిచేయడానికీ ఉన్న కడ్డీ. దాన్ని ఆ పనికే ఉంచండి.

చెక్కేవాళ్ళకు అసలైనది లోపలి నుంచి విచ్చుకునే హోల్డర్. నిలువునా చీలికలు పెట్టిన గుండ్రటి గొట్టం, దాని మధ్యలో శంకువు ఆకారపు మర. మర బిగిస్తే శంకువు లోపలికి వెళ్ళి గొట్టాన్ని అన్ని వైపులా తోస్తుంది. ఉంగరాన్ని వేలు పట్టినట్టే పడుతుంది, బయట చుట్టూ ఏ అడ్డమూ ఉండదు. అమెరికాలోని కన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్ళో ఉన్న జీఆర్ఎస్ కంపెనీ తయారుచేసేవి చెక్కేవాళ్ళందరికీ తెలిసినవి. వాటిని అనుసరించి చేసినవి చాలా కంపెనీలవి దొరుకుతాయి. సైజుల వారీగా గొట్టాలు మార్చుకోవచ్చు. కొంచెం వదులు చేసి, ఉంగరాన్ని దొర్లించి, మళ్ళీ బిగిస్తే వరుస చెదరదు.

దీని బలమే దీని ప్రమాదం కూడా. శంకువు మర వేళ్ళతో తిప్పేంత సులువుగా తిరుగుతుంది గానీ బయటికి తోసే బలం చాలా ఎక్కువ. 22 క్యారెట్ల పట్టీని సైజు దాటి సాగదీయగలదు. ఎప్పుడో సైజు మార్చి అతికిన అతుకు ఉంటే అక్కడ చిట్లగలదు. బిగించే ముందు అతుకు ఎక్కడుందో ఊదుతూ వెతకండి; నోటి ఆవిరికి అతుకు గీత రంగు తేడాతో బయటపడుతుంది చాలాసార్లు. లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉండే కంఫర్ట్ ఫిట్ ఉంగరాలకు గొట్టం మధ్యలో ఒక్క గీత మీదే ఆనుతుంది, ఉంగరం పడవలా ఊగుతుంది. వాటికి గొట్టం మీద తోలు చుట్టాలి, లేదా అంటించే పద్ధతికి పోవాలి.

మెట్టెల సంగతి మరీ చెప్పాలి, ఎందుకంటే బయటి దేశాల వాళ్ళు చేసిన ఈ హోల్డర్లలో వాటి ఆలోచనే లేదు. మెట్టె వెనక తెరిచి ఉంటుంది. లోపలి నుంచి తోస్తే పట్టు దొరకదు, మెట్టే విచ్చుకుంటుంది. దానికి లోపల సరిపోయే గట్టి చెక్క ముక్క దూర్చి, వెనక రెండు కొసలనూ బయట నుంచి దవడలతో ఆ చెక్కకేసి నొక్కాలి. లేదా లక్క.

లక్క మన పాత పద్ధతి. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. చెక్క పిడి కొసన లక్కలో ఇటుక పొడి కలిపిన ముద్ద, సన్న మంట మీద మెత్తబరిచి వస్తువును అందులో సగం దాకా దించితే చల్లారాక రాయిలా పడుతుంది. హోల్డరుకు సరిపోయే ఆకారం వస్తువుకు ఉండాలన్న నియమం లేదు. వస్తువు ఎలా ఉంటే పట్టు అలా తయారవుతుంది. అడుగు అంతా ఆనుకుని ఉంటుంది కాబట్టి గాలితో కొట్టే యంత్రపు ఉలి వాడినా అదురు ఉండదు. విప్పాలంటే కొద్దిగా వేడి, మిగిలినదాన్ని కడగడానికి స్పిరిట్. తిప్పి పట్టాలంటే మళ్ళీ వేడి చేయాలి. చుట్టూ పేరు రాసే పనికి అది విసుగు.

తాయెత్తు గొట్టానికి మాత్రం లక్కకు సాటి లేదు. గొట్టం పల్చటి రేకు, లోపల బోలు. బయట నుంచి బిగిస్తే సొట్ట, లోపలి నుంచి తోస్తే చీలిక, ఏమీ చేయకుండా ఉలి నొక్కితే గీత ఉన్న చోట గుంట. లోపల లక్క పోసి చల్లారనిస్తే అది గట్టి కడ్డీ అవుతుంది. పోసేటప్పుడు మధ్యలో సన్నటి కర్ర పుల్ల నిలిపితే, ఆ పుల్ల పిడిగా పనికొస్తుంది. దాన్ని పిన్ వైస్‌లో పట్టి కావలసినట్టు దొర్లించుకోవచ్చు. ఒక కొస తెరిచి ఉండాలన్నది మరిచిపోకండి. రెండు వైపులా మూసిన బోలు వస్తువును వేడి చేస్తే లోపలి గాలి పేలుతుంది. లోపల రాగిరేకు మీద రాసిన యంత్రం ఉన్న తాయెత్తును మా దగ్గరకు ఎవరైనా తెస్తే, వాళ్ళ చేతే దాన్ని తీయించి పక్కన పెట్టించాకే పని మొదలుపెడతాం.

రాళ్ళున్న ఉంగరాన్ని మంట దగ్గరకు తీసుకెళ్ళకూడదు. నవరత్నాల ఉంగరంలో ముత్యం, పగడం, పచ్చ మూడూ ఉంటాయి. ముత్యమూ పగడమూ వేడికి పాడవుతాయి. పచ్చల్లో చాలావాటికి పగుళ్ళు కనబడకుండా నూనె పట్టించి ఉంటారు, వేడికి అది బయటికి వచ్చి పగుళ్ళు తేలుతాయి. అలాంటి చోట వేడి నీళ్ళ ప్లాస్టిక్ గింజలు మేలు. కొన్ని రకాలు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి, పిండిలా చేత్తో నొక్కే వీలిస్తాయి. ముద్దను విడిగా మెత్తబరిచి, కొంచెం ఆరాక ఉంగరానికి చుట్టండి. ఉంగరాన్నే వేడి నీళ్ళలో ముంచకండి. ముత్యం ఉంటే నేను ఇది కూడా వాడను, తోలు క్లాంపుతోనే సరిపెట్టుకుంటాను.

పెన్ను మూత, కుంకుమ భరిణ, వెండి పిడి లాంటి కాస్త పొడుగైనవాటికి మూడు దవడల లేత్ చక్ వాడేవాళ్ళను చూశాను. మూడు చోట్ల నొక్కి మూడు గుర్తులు వేస్తుంది. చుట్టూ సమంగా మూసుకునే కాలెట్ ఉంటే మంచిది, అది ప్రతి చోటా కొంచెం కొంచెం పడుతుంది. పొడుగు ఎక్కువైతే రెండో కొస కింద వి ఆకారపు గాడి తీసిన చెక్క దిమ్మ ఆనించాలి, లేకపోతే ఉలి నొక్కినప్పుడల్లా కొస దిగుతుంది.

లోపలి గుర్తు

2021 జూన్ 16 నుంచి దేశంలో దశలవారీగా బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, లేనిదే కొట్లో హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఉంగరానికైతే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత చెప్పే 22కే916, హెచ్‌యూఐడీ మామూలుగా పట్టీ లోపల లేజర్‌తో చాలా పైపైన వేసి ఉంటాయి. ఉక్కు హోల్డర్ సరిగ్గా దాని మీదే ఆనుతుంది. ఉంగరం ఒక్కసారి జారినా ఆ అక్షరాల మీద గీతలు పడతాయి. గొట్టం మీద ఒక వరస పేపర్ టేపు చుడితే గుర్తు క్షేమంగా ఉంటుంది, పట్టు కూడా పెరుగుతుంది. పని మొదలుపెట్టక ముందే హెచ్‌యూఐడీని ఫొటో తీసి ఉంచుకోవడం ఇద్దరికీ మంచిది, మీకూ ఉంగరం ఇచ్చినవారికీ.

లోపలి వైపు పేరు రాయాలంటే అంతా తలకిందులు. బయట నుంచి మెత్తటి దవడలతో పట్టాలి, ఉంగరాన్ని ఏటవాలుగా వంచాలి, ఉలి వెనక భాగం ఎదుటి అంచుకు తగలకుండా వంచిన ఉలి వాడాలి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా యంత్రాలకే పోయింది. ఒకదాంట్లో వజ్రపు మొన నిలిచి ఉంటే ఉంగరం తిరుగుతుంది. ఇంకోదాంట్లో లేజర్. లేజర్‌కు తోపు లేదు కాబట్టి గట్టి పట్టు అక్కరలేదు, కానీ వంపు చిక్కు దానికీ ఉంది. పల్లంలోకి పోయేకొద్దీ కిరణం ఫోకస్ తప్పి గీత మసకబారుతుంది. అందుకే వాటికీ ఉంగరాన్ని మెల్లగా దొర్లించే రోటరీ ఉంటుంది.

మా మేనకోడలి ఉంగరం లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు. నా దగ్గరున్న సెట్టులో దానికి సరిపోయే గొట్టం లేదు. అంబత్తూరు వైపు ఒక లేత్ పనివాడి చేత ఇత్తడితో గొట్టం చేయించి, నాలుగు చీలికలు కోయించాను. పెదనాన్న దాని అంచులన్నీ వేలితో తడిమి చూసి, ఒక అంచు గరుకుగా ఉందని తనే ఆకురాయి పట్టారు. ఉంగరం మీది పాత గీతను కూడా ఆయనే తీశారు. నాకు అప్పగించలేదు.

తర్వాత ఒక చిన్న పని చేయించారు. ఉంగరం బిగించాక ఉంగరం అంచు నుంచి ఇత్తడి మీదకు మార్కర్ పెన్నుతో ఒక సన్న గీత గీయమన్నారు. ఉంగరం ఎంత కొంచెం దొర్లినా ఆ గీత రెండు ముక్కలై పక్కకు తప్పుకుంటుంది. కంటికి తెలియని జారుడు అక్కడ తెలుస్తుంది.

“ప్రతి వంపుకూ ముందు ఇక్కడ చూడు. తప్పుకుందా, ఉలి కింద పెట్టెయ్.”

రెండుసార్లు తప్పుకుంది. రెండుసార్లూ ఉలి కింద పెట్టి, మర పావు వంతు తిప్పి, గీత తుడిచి మళ్ళీ గీశాను. శకారం, రావత్తు, పైన దీర్ఘపు గుడి పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చివరి వంపు అయ్యాక మైక్రోస్కోపులో చూస్తే మార్కర్ గీత విరగకుండా ఒకే వరుసలో ఉంది. అప్పుడు మర వదులు చేసి ఉంగరం ఆయన చేతిలో పెట్టాను.